ఆధార గ్రంథాల పట్టిక – విద్యార్థులకు కొన్ని సూచనలు

(అత్తిముగంలో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో "బాగా చదవండి, పైకి రండి" అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట మీరు ఇంట్లో రోజూ వింటున్నదే. అందుచేత నాకిచ్చిన సమయాన్ని ఒక చిన్న పని నేర్పడానికి వాడుకుంటాను. కాలేజీలో మీరు రాసే ప్రాజెక్టు రిపోర్టు గానీ, సెమినార్ పేపరు గానీ, పరిశోధన వ్యాసం గానీ, దాని చివర ఉండే ఆధార గ్రంథాల పట్టికను ఎలా తయారు చేయాలన్నదే నా విషయం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రొఫెసరును కాను. అయినా దీని గురించి మాట్లాడడానికి కారణం ఉంది. ఉపకార వేతనం దరఖాస్తుతోపాటు కొందరు పిల్లలు తమ ప్రాజెక్టు రిపోర్టు కూడా జతచేస్తున్నారు. నేను వాటిని చివరి పేజీ నుంచి చూడడం మొదలుపెడతాను. చాలావాటిలో అక్కడ కనిపించేవి నాలుగే మాటలు: గూగుల్, వికీపీడియా, యూట్యూబ్, ఇంటర్నెట్. లోపల మంచి విషయం ఉంటుంది, పిల్లవాడు ఊళ్ళు తిరిగి కష్టపడి సేకరించిన సంగతులు ఉంటాయి. కానీ ఏ సంగతి ఎక్కడ దొరికిందో చెప్పడు. బ్యాంకులో ఓచరు లేని ఎంట్రీ ఎంత చక్కని దస్తూరీలో ఉన్నా ఆడిటరు ఒప్పుకోడు. పరిశోధనలో పట్టికది ఆ ఓచరు పనే.

పట్టిక ఎందుకు

దీనివల్ల రెండు ప్రయోజనాలు. ఒకటి, ఇతరుల శ్రమను వాడుకున్నప్పుడు వాళ్ళ పేరు చెప్పడం ధర్మం. రెండోది, మీ పేపరు చదివిన ముక్కూమొహం తెలియని మనిషి, మీరు చూసిన పుస్తకాన్నే తెప్పించుకుని, అదే పేజీ తెరిచి, మీరు చెప్పింది నిజమా కాదా అని తానే చూసుకోగలగాలి. చుక్కలు, కామాలు, బ్రాకెట్లు అన్నీ ఈ రెండో ప్రయోజనం కోసం పుట్టినవే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1892లో శియాళిలో పుట్టారు. లెక్కల మాస్టారుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలలో నాలుగోది, చదువరి కాలాన్ని ఆదా చేయాలని చెప్పేది. మీ పట్టిక సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఆ సూత్రమే చాలు. దీన్ని పట్టుకుని ఒక కొత్త మనిషి అయిదు నిమిషాల్లో ఆ పుస్తకాన్ని వెతికి తీయగలడా? తీయగలిగితే పట్టిక బాగున్నట్టే.

నాలుగు ప్రశ్నలు

ప్రతి ఆధారానికీ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు రాశారు? ఎప్పుడు వచ్చింది? దాని పేరేమిటి? ఎక్కడ దొరుకుతుంది? ఈ నాలుగింటికీ జవాబు ఉంటే ఏ పద్ధతిలోనైనా పట్టిక రాయవచ్చు. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఏ పద్ధతీ ఆదుకోదు.

మన ప్రాంతం గురించి రాసేవాళ్ళందరికీ పనికివచ్చే పుస్తకం ఒకటి ఉంది. ఎఫ్.జె. రిచర్డ్స్ తయారుచేసిన సేలం జిల్లా గెజిటీరు, 1918లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పద్ధతిలో, అంటే మీ కాలేజీల్లో ఎ.పి.ఎ. అనేదానిలో, అది ఇలా వస్తుంది: రిచర్డ్స్, ఎఫ్. జె. (1918). సేలం (సంపుటం 1, భాగం 1). గవర్నమెంట్ ప్రెస్. వరుసగా ఎవరు, ఎప్పుడు, ఏమిటి, ఎక్కడ. పుస్తకం పేరు వాలు అక్షరాల్లో ఉండాలి. మునుపు అచ్చయిన ఊరి పేరు కూడా వేసేవారు. 2019లో వచ్చిన ఏడో కూర్పు నుంచి ఎ.పి.ఎ. వాళ్ళు ఊరు అక్కర్లేదన్నారు.

పత్రికలో వచ్చిన వ్యాసమైతే వ్యాసకర్త పేరు, సంవత్సరం, వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటం, బ్రాకెట్లో సంచిక, పుటలు, చివర డి.ఓ.ఐ. అనే అంకె ఉంటే అది. ఇక్కడ వాలు అక్షరాలు పత్రిక పేరుకు, వ్యాసం పేరుకు కాదు. కారణం సులభమే. లైబ్రరీకి పోయి మనం అడిగేది పత్రికను, వ్యాసాన్ని కాదు.

పద్ధతులు చాలా ఉన్నాయి. ఎ.పి.ఎ. 1929లో ఒక పత్రికలో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. ఈనాడు కామర్స్, మనస్తత్వశాస్త్రం, విద్యాశాస్త్రం పిల్లలకు ఎక్కువగా అదే అడుగుతారు. సాహిత్యం వాళ్ళకు ఎం.ఎల్.ఎ., చరిత్ర వాళ్ళకు 1906లో మొదటిసారి అచ్చయిన షికాగో పద్ధతి, ఇంజినీరింగు వాళ్ళకు ఐ.ఇ.ఇ.ఇ., వైద్యం వాళ్ళకు వాంకూవర్. చివరి రెండింటిలో అక్షర క్రమం ఉండదు. పేపర్లో ఏది ముందు వచ్చిందో దానికి ఒకటో నంబరు, తర్వాతిదానికి రెండో నంబరు. ఇన్ని ఉన్నాయని కంగారుపడవద్దు. మీ గైడు ఏది చెబితే అది తీసుకుని, మొదటినుంచి చివరిదాకా అదొక్కటే పాటించండి. సగం ఒక పద్ధతి, సగం ఇంకో పద్ధతి అయితే, ఎక్కడెక్కడినుంచో తెచ్చి అతికించారని పరీక్షకుడికి చూడగానే తెలిసిపోతుంది.

కంప్యూటర్లో పెట్టేటప్పుడు ప్రతి ఆధారానికీ మొదటి పంక్తి అంచుకు, రెండో పంక్తి నుంచి అర అంగుళం లోపలికి జరపాలి. ఖాళీలు కొట్టి జరపకండి. వర్డులో కంట్రోల్, టి కలిపి నొక్కితే అదే జరుగుతుంది. పేపరు లోపల ఎక్కడా పేర్కొనని పుస్తకాన్ని పట్టికలో పెట్టకూడదు. పేర్కొన్నదాన్ని వదిలిపెట్టకూడదు. జమాఖర్చులు సరిచూసినట్టు రెండువైపులా టిక్కు పెట్టి చూసుకోండి. చదివి ఉపయోగించుకున్న పుస్తకాలన్నీ చేర్చే మరో పట్టిక ఉంది. దాన్ని తెలుగులో ఉపయుక్త గ్రంథ సూచి అంటారు. మీ కాలేజీ ఏది అడుగుతోందో ముందే తెలుసుకోండి.

మన పేర్ల చిక్కు

ఇంతవరకు చెప్పింది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. మన పిల్లలకు అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. పాశ్చాత్య పద్ధతి ఇంటిపేరు చివర ఉంటుందనుకుని తయారైంది. తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందు ఉంటుంది. మన తమిళనాట పేరుకు ముందు ఉండే ఇనిషియలు చాలామందికి తండ్రి పేరు, కొందరికి ఊరి పేరు కూడా. రంగనాథన్ గారినే తీసుకోండి. ఎస్ అంటే శియాళి, ఊరు. ఆర్ అంటే రామామృతం, తండ్రి. ఆయన పేరు రంగనాథన్ మాత్రమే. కాబట్టి రంగనాథన్, ఎస్. ఆర్. అని రాయాలి.

ఇంకో ఉదాహరణ. 2019లో విదేశాంగ మంత్రి అయిన ఎస్. జైశంకర్, చరిత్రకారుడు సంజయ్ సుబ్రహ్మణ్యం ఇద్దరూ అన్నదమ్ములు. తండ్రి కె. సుబ్రహ్మణ్యం. ఒకాయన తండ్రి పేరును ఇనిషియలుగా ముందు పెట్టుకున్నారు, ఒకాయన పూర్తిగా చివర పెట్టుకున్నారు. ఒకే ఇంటివాళ్ళయినా ఒకాయన జైశంకర్, ఎస్. అవుతారు, మరొకాయన సుబ్రహ్మణ్యం, ఎస్. అవుతారు. ఇందులో తప్పేమీ లేదు. రచయిత తన పుస్తకంపై పేరు ఎలా వేసుకున్నాడో దాన్నిబట్టే మనం పోవాలి.

తమిళనాట తెలుగు నాయకరాజుల కాలం గురించి 1992లో ఒక పుస్తకం వచ్చింది. పేరు సింబల్స్ ఆఫ్ సబ్‌స్టన్స్. ముగ్గురు రచయితలు: వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, ఇందాక చెప్పిన సంజయ్ సుబ్రహ్మణ్యం. మొదటాయన ఇంటిపేరు వెల్చేరు, అది ముందు ఉంది. రెండో ఆయనది చివర ఉంది. మూడో ఆయనకు చివర ఉన్నది తండ్రి పేరు. ఇంగ్లీషు పట్టికలో వీళ్ళు నారాయణరావు, వి.; షుల్మన్, డి.; సుబ్రహ్మణ్యం, ఎస్. అని వస్తారు. కంప్యూటరుకు వదిలేస్తే మొదటాయనను రావు, వి. ఎన్. చేసేస్తుంది. రావు అనే మాట కింద ఎంతమంది ఉంటారో మీకు చెప్పనక్కర్లేదు. అక్కడ పడితే ఆ మనిషి ఇక దొరకడు. రెడ్డి, నాయుడు కూడా అంతే. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారిని రెడ్డి, ఎస్. పి. అని రాస్తే ఎవరు పోల్చుకుంటారు? ఆ పుస్తకం 1949లో వచ్చింది, 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి దానికే దక్కింది. అయితే సరోజినీ నాయుడు విషయంలో నాయుడు, ఎస్. అన్నదే సరి. ఆమెకు అది భర్తనుంచి వచ్చి, చివర నిలిచిన పేరు. కాబట్టి ఇనిషియలు ఎన్నడూ ముందుకు రాదు, పేరును మధ్యలో విరగ్గొట్టకూడదు, రచయిత వేసుకున్నట్టే వేయాలి అన్నవి మూడూ గుర్తుంచుకోండి.

తెలుగులో రాసే పేపరుకైతే ఈ తిప్పలు లేవు. ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి అని ఉన్నదున్నట్టు రాసి, అకారాది క్రమంలో స దగ్గర పెడితే సరి.

మీ సొంత పేరు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. రేపు మీ వ్యాసం ఒక పత్రికకు పంపితే ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు ఇస్తారు. ఇనిషియలున్న పిల్లలు ఒక్కోసారి ఒక్కోలా నింపుతారు. దాంతో ఒకే మనిషి ముగ్గురు మనుషులుగా కనిపిస్తాడు. పేరు ఒకసారి నిర్ణయించుకుని జీవితమంతా అలాగే వాడండి. ఆర్కిడ్ అని 2012 నుంచి పరిశోధకులకు 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తున్నారు. అది తీసుకుంటే పేరు ఎలా ఉన్నా మీ పని మీ ఖాతాలోనే పడుతుంది.

జిల్లాలు, ఊళ్ళు

మన ప్రాంతం గురించి వెతికేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004 ఫిబ్రవరి 9న. అంతకుముందు మనది ధర్మపురి జిల్లా. ధర్మపురి 1965 అక్టోబరు 2న ఏర్పడింది. దానికి ముందు మనమంతా సేలం జిల్లా. కాబట్టి 1961 జనాభా లెక్కల్లో మన ఊళ్ళు సేలం కింద, 2001 లెక్కల్లో ధర్మపురి కింద, 2011 లెక్కల్లో కృష్ణగిరి కింద ఉంటాయి. హెచ్. లెఫాను 1883లో రాసిన పాత మాన్యువలు కూడా సేలం జిల్లా పేరుతోనే ఉంది. పుస్తకంపై సేలం అని ఉంటే మీ పట్టికలోనూ సేలం అనే ఉండాలి. ఇప్పుడు మన జిల్లా కృష్ణగిరి కదా అని పుస్తకం పేరు దిద్దితే, అలాంటి పుస్తకం లోకంలో ఎక్కడా ఉండదు. 1996కు ముందు మద్రాసు అని అచ్చయినదాన్ని చెన్నై చేయడం కూడా అలాంటిదే.

మన ఊరి పేరునే ఇంగ్లీషులో రెండు మూడు విధాలుగా రాస్తారు. మీ మాటల్లో ఒకటే వాడండి. ఎత్తిరాసేటప్పుడు, పట్టికలో పెట్టేటప్పుడు మాత్రం అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంచండి. రచయిత కథ అని కాక కత అని రాసుకుంటే మనం దిద్దకూడదు. స.వెం. రమేశ్ గారి పుస్తకం పేరు కతల గంప. దాన్ని కథల గంప అని సవరించి వెతికితే దొరకదు.

శాసనాలు, పెద్దల మాటలు

మన ఐరావతేశ్వరస్వామి గుడి గురించో, చుట్టుపక్కల వీరగల్లుల గురించో రాయాలని ఉత్సాహపడే పిల్లలున్నారు. సంతోషం. శాసనం గురించి రాస్తే "గుడి గోడమీద ఉంది" అంటే చాలదు. దాన్ని ఎవరు చదివి, ఏ సంపుటంలో, ఏ నంబరుతో అచ్చువేశారో చెప్పాలి. మన పొరుగున ఉన్న కోలారు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా తెచ్చారు. అందులో ప్రతి తాలూకాకు వేరే వరుస నంబర్లు. మాలూరు 10 వేరు, ముళబాగిలు 10 వేరు. నంబరు రాసి తాలూకా వదిలేస్తే ప్రయోజనం లేదు.

చట్టాలకూ అంతే. మన పిల్లల చదువును నేరుగా తాకిన తమిళ అభ్యసన చట్టం గురించి రాసేవాళ్ళు "ప్రభుత్వం ఆర్డరు వేసింది" అని వదిలేయకుండా, తమిళనాడు తమిళ అభ్యసన చట్టం, 2006 అని పూర్తి పేరు, సంవత్సరం రాయాలి. ప్రభుత్వ ఉత్తర్వు అయితే నంబరు, శాఖ, తేదీ మూడూ ఉండాలి.

ఇంట్లో అవ్వ చెప్పిన తిరుగటి పాట, తాత చెప్పిన ఊరి కథ కూడా ఆధారాలే. ఎ.పి.ఎ. పద్ధతిలో ఇవి చివరి పట్టికలోకి రావు. పేపరు లోపలే చెప్పినవారి పేరు, వ్యక్తిగత సంభాషణ అనే మాట, తేదీ వేస్తారు. తెలుగు జానపద పరిశోధనల్లో వివరాలు చెప్పినవారి పేరు, వయసు, ఊరు విడి పట్టికగా ఇవ్వడం మంచి సంప్రదాయం. ముందుగా వాళ్ళ అనుమతి అడగండి. పుస్తకం రాసినవారికిచ్చిన గౌరవమే అవ్వకూ ఇవ్వాలి.

చూడనిది రాయవద్దు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మీ కళ్ళతో చూడని పుస్తకాన్ని పట్టికలో పెట్టకండి. రైస్ సంపుటంలోని సంగతిని ఇంకొకరి పుస్తకంలో చదివితే, మీరు చదివిన ఆ పుస్తకాన్నే పట్టికలో పెట్టి, ఫలానావారు ఉదాహరించినది అని లోపల చెప్పండి. వికీపీడియా తప్పు కాదు, కానీ అది దారి చూపే చోటు. దాని అడుగున ఇచ్చిన ఆధారాన్ని తెరిచి చూసి, దాన్ని పేర్కొనండి. వెబ్ పేజీ అయితే రాసినవారు, తేదీ, పేజీ పేరు, పూర్తి చిరునామా ఇవ్వాలి. తరచూ మారే పేజీ అయితే మీరు చూసిన తేదీ కూడా వేయాలి. గూగుల్ అనేది ఆధారం కాదు. లైబ్రరీకి దారి చూపిన మనిషిని రచయిత అనం కదా.

ఈమధ్య కంప్యూటర్‌తో మాట్లాడి పేపరు రాయించుకునే వసతి వచ్చింది. అది అడిగిన వెంటనే పది పుస్తకాల పేర్లు, సంవత్సరాలు, పుటలతో సహా అందంగా ఇస్తుంది. వాటిలో కొన్ని లోకంలో లేనివి ఉండవచ్చు. 2023లో న్యూయార్కు ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు ఇలాగే దాఖలు చేసిన కాగితాల్లో ఆరు తీర్పులు అసలు లేనివేనని తేలి, అయిదు వేల డాలర్ల జరిమానా పడింది. అనుభవమున్న లాయర్లకే అలా అయింది. అది ఇచ్చిన ప్రతి పేరునూ లైబ్రరీ జాబితాలో వెతకండి, దొరికితే తెరవండి, చదివితేనే రాయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి

అమ్మా, అయ్యా, ఇది మీకు కూడా సంబంధించిన విషయమే. కొన్ని జెరాక్స్ అంగళ్ళలో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. పేరు మార్చి బైండింగ్ చేసి ఇస్తారు. పిల్లవాడికి సమయం లేదని మనం కూడా డబ్బులిచ్చి కొనిపెడతాం. 2018లో యు.జి.సి. కాపీ గురించి నిబంధనలు తెచ్చింది. పీజీ, పరిశోధన స్థాయి సిద్ధాంత వ్యాసాల్లో ఇతరుల రచనతో పోలిక పది శాతం దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్ళీ ఇవ్వాలి. నలభై దాటి అరవై దాకా అయితే ఏడాదిపాటు దిద్దిన ప్రతి ఇవ్వడానికే వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఫీజులు కట్టి, అప్పుచేసి చదివించిన ఇంటికి అది ఎంత దెబ్బో ఆలోచించండి.

అదే నిబంధనల ప్రకారం పేరు చెప్పి ఎత్తిరాసిన భాగాలను, ఆధార గ్రంథాల పట్టికను ఆ లెక్కలో చేర్చరు. అంటే నిజాయితీగా పేరు చెప్పినవాడికి రక్షణ ఉంది. అయితే పిల్లలూ, ఒకరి మాటలను యథాతథంగా తీసుకుంటే చివర పట్టికలో పేరుంటే చాలదు. ఆ మాటల చుట్టూ కొటేషన్ గుర్తులు, పక్కనే పుట సంఖ్య ఉండాలి.

చివరగా, పట్టికను ఆఖరి రాత్రి కూర్చుని రాసే పని చేయకండి. మొదటిరోజే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పుస్తకం తెరవగానే ముందు పేజీ చూసి ఎవరు, ఎప్పుడు, ఏమిటి, ఎక్కడ అని నాలుగు పంక్తులు రాసుకోండి. ఆ తర్వాతే లోపలి విషయం ఎత్తుకోండి, పక్కన పుట సంఖ్య వేయండి. లైబ్రరీ పుస్తకమైతే ఏ లైబ్రరీ, ఏ నంబరు అన్నది కూడా. ఫోనుంటే ముఖపత్రం, వెనుక పేజీ ఫోటో తీసిపెట్టుకోండి. ఇలా చేస్తే చివర మిగిలేది వరుసలో పెట్టే పనే, ఒక సాయంత్రం చాలు.

వచ్చే ఏడాది దరఖాస్తులతో మీరు జతచేసే రిపోర్టుల చివరి పేజీలు చూడాలని ఎదురుచూస్తుంటాను. పట్టిక తయారీలో సందేహాలుంటే ట్రస్టు కార్యాలయానికి నోటుపుస్తకంతో రండి, కూర్చుని కలిసి చూద్దాం.